ఇంటి బీరు కిట్ రివ్యూ: సామాన్లు బాగున్నాయి, సూచనల కాగితమే బాలేదు

ముందు తేల్చి చెప్పేస్తాను, మిగతాది ఓపిక ఉన్నవాళ్లు చదువుకోండి. ఇది ఇంట్లో బీరు చేసుకునే స్టార్టర్ కిట్. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి అమ్మే అందరి దగ్గరా దాదాపు ఇవే సామాన్లు, ఇదే కాగితం. సామాన్లకు ఐదుకి నాలుగు ఇస్తాను. లోపల పెట్టిన సూచనల కాగితానికి ఒకటి, అది కూడా అక్షరాలు పెద్దగా ఉన్నందుకు. ఆ కాగితంలో మొదటి పేజీలోనే ఎర్ర అక్షరాలతో, కలుషితమైన బీరు ఆరోగ్యానికి ప్రమాదకరం, వెంటనే పారబోయండి అని ఉంటుంది. అంతే. ఏది కలుషితం, ఎలా కనిపెట్టాలి, ఏం ప్రమాదం, ఎవరికి ప్రమాదం, ఒక్క ముక్క లేదు. కొత్తగా మొదలుపెట్టినవాడు అది చదివి, రెండో రోజు బకెట్ మూత తీసి, పైన తేలుతున్న గోధుమరంగు నురగ చూసి హడలిపోయి, నిక్షేపంలాంటి బీరును సింకులో పోసేస్తాడు. అదే మనిషి గ్యాసు ఎక్కువై బిగుసుకుపోయిన సీసాను మాత్రం మొహం దగ్గర పెట్టుకుని మరీ తెరుస్తాడు, దాని గురించి కాగితంలో ఏమీ లేదు కాబట్టి. నా గొడవంతా ఇదే.

ఇంట్లో బీరు చేస్తున్నానని చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే, తాగితే ఏమీ కాదు కదా అని. గ్లాసు చేతిలోకి తీసుకుంటారు, వాసన చూస్తారు, పక్కవాళ్లు ముందు తాగేదాకా ఆగుతారు. అడగడంలో తప్పు లేదు. సూటిగా జవాబు చెప్పాలంటే, సరిగ్గా మరిగించి, హాప్స్ అనే చేదు పూలు వేసి, ఈస్ట్‌తో పూర్తిగా పులిసిన మామూలు బీరులో ఏదైనా బ్యాక్టీరియా చేరి పాడైతే రుచి చెడుతుంది గానీ మనిషి మంచాన పడే అవకాశం చాలా చాలా తక్కువ. ప్రమాదం లేకపోలేదు, కానీ అది వేరే చోట్ల ఉంది, ఆ చోట్లేవీ ఈ కాగితంలో లేవు. కిట్‌లో ఒక్కో వస్తువు పట్టుకుని ఆ సంగతే చెబుతాను.

లోపల ఏమున్నాయంటే, మూతతో సహా ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ బకెట్, దాని అడుగున ట్యాప్, గ్యాసుని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన పాకం) డబ్బా, హాప్స్ ప్యాకెట్, 11.5 గ్రాముల పొడి ఈస్ట్, ద్రవంలో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చూపే హైడ్రోమీటర్, బకెట్‌కి అంటించే థర్మామీటర్ పట్టీ, ఒక తెల్ల పొడి, సీసా మూతలు, వాటిని బిగించే పరికరం. పెద్ద గిన్నె, సీసాలు మనమే చూసుకోవాలి. బకెట్ మందంగా ఉంది, మూత గట్టిగా పడుతుంది, లోపల నున్నగా ఉంది. ఆ నునుపు ముఖ్యం. స్టీలు పీచుతో తోమారా, గీతలు పడతాయి, ఆ గీతల్లో క్రిములు కాపురం పెడతాయి, తర్వాత ఏ మందు పోసినా అంత లోపలికి పోదు. మెత్తని గుడ్డతోనే కడగండి. ఇది కూడా కాగితంలో లేదు, నేనే చెబుతున్నాను.

ఇక బీరు తనను తాను ఎలా కాపాడుకుంటుందో చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. మాల్ట్ ద్రవాన్ని, అంటే వోర్ట్‌ని, గంటసేపు మరిగిస్తాం. అందులో ఉన్న మామూలు క్రిములన్నీ అక్కడే చచ్చిపోతాయి. మరిగేటప్పుడు వేసిన హాప్స్‌లోని చేదు పదార్థాలు గ్రామ్ పాజిటివ్ అనే రకం బ్యాక్టీరియా పొర మీద దెబ్బ కొడతాయి. చల్లారాక ఈస్ట్ వేస్తే అది చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది, పనిలో పనిగా ద్రవాన్ని పుల్లగా మారుస్తుంది. వోర్ట్‌గా ఉన్నప్పుడు 5.2 దగ్గర ఉండే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), బీరు అయ్యేసరికి 4.0 నుంచి 4.5 మధ్యకి దిగుతుంది. పైగా ఆక్సిజన్ ఉండదు, తినడానికి తేలికైన చక్కెరలు మిగలవు, కార్బన్ డయాక్సైడ్ నిండుగా ఉంటుంది. సాల్మొనెల్లా, ఈ కోలై, లిస్టీరియా లాంటి జబ్బు తెచ్చే రకాలకు ఇవన్నీ ఒకేసారి ఎదురైతే పెరగడం కుదరదు. ఈ కోలైకి హాప్స్ లెక్క లేదు, నిజమే, కానీ పులుపూ ఆల్కహాలూ కలిసి దాని పని పడతాయి. బోటులినమ్ అనే భయంకరమైన బ్యాక్టీరియా 4.6 కంటే తక్కువ పీహెచ్‌లో మొలకెత్తలేదు. పెరగదు అంటే ఆ క్షణానే చస్తుందని కాదు సుమా. తయారైన బీరులో బయటి నుంచి పడిన క్రిములు కొంతకాలం బతికి ఉండగలవు, ఫ్రిజ్‌లో పెడితే ఇంకాస్త ఎక్కువ కాలం. అందుకే పచ్చి మాంసం ముట్టుకున్న చేత్తో సీసాలు నింపొద్దు. చేతులు కడుక్కోవడానికి కిట్‌తో పనేముంది.

ఈ కాపలాలో ఒక్క సందు ఉంది. వోర్ట్ చల్లారిన దగ్గర్నుంచి ఈస్ట్ పట్టు సాధించేదాకా ఉండే సమయం. అప్పుడు ఆల్కహాల్ లేదు, పులుపు లేదు, ఉన్నదల్లా గోరువెచ్చని తియ్యటి నీళ్లు, ఏ క్రిమికైనా పండగే. అందుకని ఎంత తొందరగా చల్లార్చి, ఎంత తొందరగా బతికున్న ఈస్ట్‌ని సరిపడా వేస్తే అంత మంచిది. ఈ విషయంలో కిట్‌ని మెచ్చుకోవాలి. ప్యాకెట్ మీద తేదీ ఉంది, ఎప్పటిదో పాత సరుకు కాదు, 11.5 గ్రాములు ఈ బకెట్‌లో చేసే బీరుకి సరిపోతుంది. 20 డిగ్రీల దగ్గర వేస్తే మర్నాటికి ఎయిర్‌లాక్ బుడబుడమంటుంది. ఒక రోజు లోపలే పీహెచ్ కిందికి జారిపోతుంది, ఇక బయటివాళ్లకు చోటుండదు. కొన్ని కిట్లలో మూడు నాలుగు గ్రాముల ప్యాకెట్ పెట్టి సరిపెడతారు, అలాంటిది మీకు వస్తే విడిగా మంచి ఈస్ట్ ఒకటి కొనుక్కోండి, మిగతావాటిలో ఎక్కడైనా పొదుపు చేసుకోవచ్చు.

ఇప్పుడు ట్యాప్. ఈ కిట్‌కి ఐదుకి ఐదు ఇవ్వకపోవడానికి కారణం ఇదే. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, తిప్పగానే గ్లాసులోకి ధారగా వస్తుంది, కానీ అది రెండు ముక్కలతో చేసింది, బయటి గొట్టం ఒకటి, దాని లోపల తిరిగే పీపా లాంటి ముక్క ఇంకొకటి. రెండూ విడదీయొచ్చని కాగితం చెప్పదు. బకెట్‌తో పాటు కడిగి, శానిటైజర్ నీళ్లు దాంట్లోంచి పోనిచ్చి, శుభ్రమైందనుకుంటాం. ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి సందులోకి బీరు దిగుతుంది, శానిటైజర్ దిగదు. నా బీరు ఒకటి సీసాల్లో పోసిన కొన్ని వారాలకు వెన్న వాసన కొట్టడం మొదలైంది. మొదట కాస్త వెన్న, తర్వాత కాస్త పులుపు, తర్వాత గ్లాసులో పోస్తుంటే ద్రవం కొంచెం చిక్కగా, నూనెలా జారడం. అప్పుడు ట్యాప్ ఊడదీసి వేణ్ణీళ్లలో నానబెట్టి, చెక్క గరిటె కాడతో వెనకనుంచి నొక్కితే లోపలి ముక్క టప్పున బయటికొచ్చింది. దాని చుట్టూ లేత గోధుమరంగులో ఉంగరంలా జిగురు. గోరుతో గీకితే పొరలా లేచింది, ముక్కు దగ్గర పెడితే అదే వెన్న, ముక్కిపోయిన వెన్న. సీసాల్లో ఏ వాసన వచ్చిందో ట్యాప్‌లోనూ అదే. ఇక దొంగ ఎవరో వెతకాల్సిన పని లేకపోయింది.

ఈ లక్షణాలన్నీ పీడియోకాకస్ అనే బ్యాక్టీరియావి. వెన్న వాసన డయాసెటిల్ అనే పదార్థం వల్ల, జిగురు అది అల్లే చక్కెర గొలుసుల వల్ల, పులుపు లాక్టిక్ యాసిడ్ వల్ల. దాని చుట్టం లాక్టోబాసిల్లస్, ముఖ్యంగా హాప్స్‌ని తట్టుకునే బ్రెవిస్ రకం, ఇంకా ఎక్కువగా కనబడుతుంది, అది వెన్న లేకుండా ఉత్త పులుపు చేస్తుంది. గాలి తగిలితే అసిటోబాక్టర్ వచ్చి వెనిగర్ చేసి పెడుతుంది. వీటిలో ఏదీ జబ్బు తెచ్చే రకం కాదు. ఆ సీసాల్లోంచి ఒక గ్లాసు నేనూ తాగాను, నాతో పాటు ఇంకొకరూ తాగారు, ఎవరికీ ఏమీ కాలేదు, రెండో గ్లాసు మాత్రం ఎవరూ అడగలేదు. మిగిలింది పారబోశాను. ఆరోగ్యానికి భయపడి కాదు, అది తాగేంత మొహమాటం నాకు లేదు. ఒకరిద్దరికి ఏమీ కాకపోవడం రుజువు కాదని నాకూ తెలుసు. రుజువు పైన చెప్పిన పీహెచ్ లెక్కలో ఉంది.

కళ్లతో ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా బెదిరేది ఇక్కడే. ఈస్ట్ పని మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో పైన దట్టమైన నురగ లేస్తుంది, మధ్యమధ్యలో గోధుమరంగు, ఆకుపచ్చ ముద్దలు ఉంటాయి, అవి హాప్స్ మడ్డి, ప్రొటీను. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, అది ఆరోగ్యంగా ఉన్న బీరు. అది దిగిపోయాక బకెట్ గోడకు ఎండిన పట్టీలా అంటుకుని ఉంటుంది, అదీ మామూలే. ఈస్ట్ చిన్న చిన్న తెల్ల తెప్పల్లా తేలుతుంది, కదిపితే మునిగిపోతాయి, ఇబ్బంది లేదు. నురగంతా దిగిపోయి, అద్దంలా ఉన్న బీరు మీద వారాల తర్వాత సన్నని తెల్లటి తెట్టు కట్టి, ముడతలు పడి, కింద పెద్ద బుడగలు ఇరుక్కుని పొలుసుల్లా కనిపిస్తే అప్పుడు బయటి ఈస్టో బ్యాక్టీరియానో చేరినట్టు. అది కూడా విషం కాదు. రుచి చూసుకుని నిర్ణయించుకోవచ్చు. బూజు వేరు. నూగులా, బొచ్చులా, పొడిపొడిగా, ఆకుపచ్చగానో నల్లగానో నీలంగానో గుండ్రటి మచ్చలు కనిపిస్తే అది బూజు. బూజు రకాల్లో కొన్ని విషపదార్థాలు తయారు చేస్తాయి, అవి పైన మచ్చ తీసేస్తే పోయేవి కావు, కింది ద్రవంలోకి దిగే ఉంటాయి. ఇక్కడ మాత్రం రుచి చూడటాలూ, గరిటెతో తీసెయ్యడాలూ వద్దు, మొత్తం పారబోయడమే. మాల్ట్ గింజలకు బూజు పట్టినా అంతే, మరిగిస్తే పోతుందిలే అనుకోకండి.

తెట్టు కట్టిన బీరు విషం కాదనడానికి బెల్జియం వాళ్ల ల్యాంబిక్ కంటే మంచి సాక్ష్యం లేదు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల వోర్ట్‌ని వెడల్పాటి తొట్టిలో రాత్రంతా గాలికి వదిలేస్తారు, ఏ క్రిమి వచ్చి పడితే దాంతోనే పులియబెడతారు. నేను ట్యాప్‌లోంచి గీకి పారేసిన పీడియోకాకస్ అక్కడ గౌరవనీయ ఉద్యోగి. దానికి తోడు బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్. 1904లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్‌లో క్లౌసెన్ అనే ఆయన దానికి ఆ పేరు పెట్టాడు, ఇంగ్లీషు బీర్ల అసలు రుచి అదేనని ఆయన వాదన. పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్లు ఊరాక ఆ బీరుని మంచి వైన్‌లా చూసుకుంటారు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి, మొదటి నెలలో అందులో ఈ కోలై కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా ఉంటాయి, పులుపూ ఆల్కహాలూ పెరిగాకే అవి పోతాయి. వాళ్లు ఆగుతున్నది ఊరికే కాదు. ఇది చదివి బకెట్ మూత తీసి కిటికీ దగ్గర పెట్టేవాళ్లుంటారని తెలుసు, పెట్టండి, కానీ నెలలు గడవకుండా రుచి చూడొద్దు.

సరే, మరి నిజంగా జబ్బు ఎక్కడ వస్తుంది? మొదటిది, ఈస్ట్ వెయ్యని వోర్ట్. మరిగించిన వోర్ట్‌ని సీసాల్లో గాలి చొరకుండా మూసి బయట నిల్వ పెట్టుకునేవాళ్లున్నారు, తర్వాత ఎప్పుడో ఈస్ట్ వేసుకోవచ్చని, లేదా ఈస్ట్‌ని ముందుగా పెంచుకునే స్టార్టర్‌కి పనికొస్తుందని. బోటులినమ్ విత్తనాలు మామూలు మరుగుకి చావవు. లోపల గాలి లేదు, పీహెచ్ 5.2, ఆల్కహాల్ సున్నా, అంటే దానికి కావలసినవన్నీ ఉన్నాయి. అలా నిల్వ పెట్టాలంటే ప్రెషర్‌లో 121 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి, లేదంటే ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. రెండోది, ఆల్కహాల్ లేని బీరు ఇంట్లో చెయ్యడం. ఈమధ్య ఇది ఫ్యాషనైంది, ఇదే కంపెనీ ఆల్కహాల్ లేని బీరు ప్యాక్ కూడా అమ్ముతోంది, అదే కాగితంతో. కాపలా కాసేవాటిలో ముఖ్యమైన ఆల్కహాల్‌ని తీసేసి, చక్కెరలు మిగిల్చి, పీహెచ్ కొలవకుండా వదిలేస్తే సాల్మొనెల్లా, ఈ కోలై పెరగగలవు. ఫ్యాక్టరీల్లో పీహెచ్ తగ్గించి, పాశ్చరైజ్ చేసి అమ్ముతారు. ఇంట్లో ఆ రెండూ చేసే ఏర్పాటు లేకపోతే ఆ జోలికి పోవద్దని నా సలహా, ఆ ప్యాక్‌కి రేటింగ్ కూడా ఇవ్వను.

మూడోది, అందులో ఏం వేశారన్నది. 2011లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక జైల్లో ఖైదీలు దొంగచాటుగా చేసుకున్న కల్లులాంటి ద్రవం తాగి 8 మందికి బోటులిజం, అంటే బోటులినమ్ విషంతో వచ్చే పక్షవాతం, వచ్చింది. అందులో ఎప్పుడో కాల్చి పక్కన పడేసిన బంగాళాదుంప వేశారు, మట్టిలో పెరిగే దుంప, పైగా రోజుల తరబడి బయట ఉన్నది. 2015 జనవరిలో మొజాంబిక్‌లోని చిటిమాలో అంత్యక్రియలకు వచ్చినవాళ్లకు ఇంట్లో చేసిన పోంబే అనే బీరు పోశారు. 75 మంది చనిపోయారు, మొత్తం 200 మందికి పైగా జబ్బు పడ్డారు. మొదట ఎవరో మొసలి పిత్తం కలిపారని పుకారు లేచింది. తర్వాత పరిశోధకులు అందులో వాడిన మొక్కజొన్న పిండి పాడై ఉందని, బర్ఖోల్డేరియా గ్లాడియోలై అనే బ్యాక్టీరియా అందులో బాంగ్‌క్రెకిక్ యాసిడ్ అనే విషం తయారు చేసి ఉంటుందని తేల్చారు. ఆ విషం ఉడికించినా పోదు. ఇంటి బీరు తాగితే చస్తారు అనేవాళ్లు ఎక్కువగా చూపించేది ఈ ఘటననే, వాళ్లు చూపించేదీ నిజమే, కాకపోతే అక్కడ హాని పాడైన పిండి నుంచి వచ్చింది, బకెట్ సరిగ్గా కడగకపోవడం వల్ల కాదు. కాగితం మాత్రం బకెట్ గురించే పదిసార్లు చెబుతుంది, ముడి సరుకు గురించి ఒక్కసారీ చెప్పదు. కిట్‌లో వచ్చే మాల్ట్ డబ్బా సీలు వేసింది, చిక్కటి పాకంలా ఉంటుంది, దాంతో ఈ బెడద లేదు. డబ్బా ఉబ్బి ఉంటే మాత్రం తెరవకుండా వెనక్కి పంపండి.

కొంతమందికి పాడైన బీరు మిగతావాళ్లకంటే ఎక్కువ ప్రమాదం. డిప్రెషన్‌కి ఎంఏఓ ఇన్హిబిటర్ రకం మందులు వాడేవాళ్లు పాశ్చరైజ్ చెయ్యని బీరుకి దూరంగా ఉండాలి, ఎందుకంటే లాక్టిక్ బ్యాక్టీరియా టైరమిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది, ఆ మందుతో కలిస్తే బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరుగుతుంది. పుల్లబడిన ఇంటి బీరులో అది ఇంకా ఎక్కువ ఉండొచ్చు. అలాంటి బీరులో ఉండే హిస్టమిన్ అనే పదార్థం పడనివాళ్లకు తలనొప్పి, మొహం ఎర్రబడటం ఉండొచ్చు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయినవాళ్లు, కీమోథెరపీ మీద ఉన్నవాళ్లు బతికున్న ఈస్ట్ ఉన్న బీరు తాగే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇక నీ బీరు తాగితే కడుపు పాడైందిరా అని వచ్చే ఫిర్యాదు. ఇది చాలామందికి ఎదురవుతుంది, దాదాపు ప్రతిసారీ ముద్దాయి సీసా అడుగున ఉన్న మడ్డి. అది ఈస్ట్. అలవాటు లేనివాళ్లు సీసా కదిపేసి అడుగుదాకా వంపుకుని తాగితే గ్యాసు, ఉబ్బరం, పొద్దున్నే ఒకటికి రెండుసార్లు పరుగు. అది కలుషితం కాదు, రెండు రోజులు ఉండదు. నిలకడగా పట్టుకుని నెమ్మదిగా వంచి, చివరి వేలెడు సీసాలోనే వదిలెయ్యండి. మర్నాడు తల పగిలిపోతుంటే, ఎక్కువ తాగకపోయినా, పులియబెట్టిన చోటు మరీ వేడిగా ఉందేమో చూడండి. ఈస్ట్ వేడెక్కితే ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే ఘాటైనవి ఎక్కువ చేస్తుంది. ఈ కిట్‌లో అంటించే థర్మామీటర్ పట్టీ అందుకు బాగా పనికొచ్చింది, చిన్న వస్తువే గానీ నాకు బాగా నచ్చింది. రక్తంతో విరేచనాలు, ఎక్కువ జ్వరం, కళ్ల ముందు రెండేసి కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం లాంటివి ఉంటే ఈ చర్చంతా పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి, ఏం తాగారో చెప్పాలి.

మిథైల్ ఆల్కహాల్ వచ్చి కళ్లు పోతాయన్న భయం బీరు విషయంలో అక్కర్లేదు. మాల్ట్ పులిస్తే వచ్చేది లెక్కలోకి రానంత తక్కువ. ఆ మరణాలు ఎవరో పారిశ్రామిక ఆల్కహాల్ కలిపి అమ్మిన మద్యం వల్ల వచ్చేవి, ఈ బకెట్‌తో సంబంధం లేదు. బీరుని కాచి ఆవిరి పట్టి సారా తీసే ఆలోచన మాత్రం చెయ్యకండి, అది వేరే సంగతి, చాలా చోట్ల నేరం కూడా.

తెల్ల పొడి సంగతికి వద్దాం. ప్యాకెట్ మీద శానిటైజర్ అని రాసి ఉంది, లోపల ఉన్నది సోడియం పెర్కార్బొనేట్. మడ్డీ జిడ్డూ వదిలించడానికి దీన్ని మించింది లేదు, ఆ పనికి పూర్తి మార్కులు. క్రిములను చంపడానికి మాత్రం దీని ఒక్కదాని మీద ఆధారపడను. కడిగాక విడిగా ఫాస్ఫారిక్ యాసిడ్ రకం నో-రిన్స్ (మళ్లీ నీళ్లతో కడగక్కర్లేని) శానిటైజర్ కొనుక్కుని, చెప్పిన పాళ్లలో కలిపి, ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంచితే చాలు, నురగ మిగిలినా ఫర్వాలేదు. మురికి మీద శానిటైజర్ పోస్తే పని చెయ్యదు, ముందు కడగాలి. ఇంట్లో ఉన్న బ్లీచ్‌తో సరిపెడదాం అనుకునేవాళ్లకు రెండు మాటలు. క్లోరిన్ కాస్త మిగిలినా బీరుకి బ్యాండేజీ వాసన, ఆసుపత్రి వాసన వస్తుంది. ఇంకోటి, బ్లీచ్‌నీ ఆ యాసిడ్‌నీ ఒకే బకెట్‌లో కలిపారంటే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఈ అభిరుచిలో క్రిములకంటే కెమికల్సే మనిషిని తొందరగా ఆసుపత్రికి పంపుతాయని నా నమ్మకం. చరిత్ర కూడా అలాగే ఉంది. 1900లో ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్ చుట్టుపక్కల, బీరు తాగి 6,000 మందికి పైగా జబ్బు పడ్డారు, దాదాపు 70 మంది పోయారు. బీరులో వాడిన చక్కెర తయారీకి ఉపయోగించిన సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఆర్సెనిక్ ఉంది. చాలాకాలం డాక్టర్లు తాగుడు వల్ల వచ్చే నరాల జబ్బేనని అనుకున్నారు. మన స్థాయిలో దీని సారం ఏమిటంటే, జింకు పూత పూసిన ఇనప బకెట్లలో, చిలుము పట్టిన రాగి గిన్నెల్లో, ఎందుకు చేశారో తెలియని రంగు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పుల్లని ద్రవాన్ని వారాల తరబడి ఉంచొద్దు. ఈ కిట్ బకెట్ ఆ పరీక్షలో పాసైంది, అడుగున ఆహారానికి తగినదన్న గుర్తు ఉంది.

ఇప్పుడు సీసాలు. కలుషితం వల్ల దెబ్బ తగిలేది ఎక్కువగా ఇక్కడే, అదీ కడుపుకి కాదు, చేతులకీ కళ్లకీ. సీసాలో గ్యాసు కోసం లీటరుకి కొద్ది గ్రాముల చక్కెర వేస్తాం. లీటరు బీరులో ఒక లీటరు గ్యాసు కరిగితే ఒక వాల్యూమ్ అంటారు, 4 గ్రాముల చక్కెర దాదాపు ఒక వాల్యూమ్ ఇస్తుంది. మామూలు బీరుకి 2.4 చాలు. అదే బీరులో బయటి ఈస్టో బ్యాక్టీరియానో ఉంటే, మన ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను అది మెల్లగా నెలల తరబడి తింటుంది. డయాస్టాటికస్ అనే ఈస్ట్ రకం ఇందులో ఆరితేరింది. హైడ్రోమీటర్ మీద ఒక్క పాయింటు, అంటే 0.001, దిగితే దాదాపు అర వాల్యూమ్ గ్యాసు. 1.012 దగ్గర సీసాలో పోసింది 1.006కి దిగిందంటే 3 వాల్యూమ్‌లు అదనం, మొత్తం 5 దాటింది, మామూలు బీరు సీసా దానికోసం చేసింది కాదు. పగిలితే గాజు పెంకులు గది అవతలికి ఎగురుతాయి. రుచి మారిన ఒక్క సీసా కనిపించినా మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, చలికి గ్యాసు ఒత్తిడి తగ్గుతుంది, తర్వాత మందపాటి చేతి తొడుగులు వేసుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, గుడ్డ కప్పి ఒక్కొక్కటే తెరవండి. ఎర్ర అక్షరాల్లో రాయాల్సింది ఇది. కాగితంలో సీసాలు చల్లని చోట పెట్టండి అన్న ఒక్క లైను ఉంది, ఎందుకో లేదు. హైడ్రోమీటర్ ఇచ్చారు సంతోషం, రెండు మూడు రోజుల తేడాతో ఒకే అంకె వచ్చేదాకా సీసాల్లో పోయొద్దని మాత్రం రాయలేదు, ఎయిర్‌లాక్ బుడగలు ఆగితే చాలంటారు. బుడగలు మూత సందులోంచి గ్యాసు కారినా ఆగుతాయి.

ట్యాప్ గురించి కంపెనీకి రాశాను. మర్యాదగానే మాట్లాడారు, కొత్త ట్యాప్ పంపారు, అదే మోడల్, ఈసారి రబ్బరు వాషర్ లేకుండా. విడదీసి కడగమని కాగితంలో చేర్చండి అంటే పరిశీలిస్తాం అన్నారు. పరిశీలనలోనే ఉంది.

కొనొచ్చా అంటే, కొనొచ్చు. బకెట్, ఈస్ట్, హైడ్రోమీటర్ మూడూ మంచివి, కొత్తవాళ్లకు ఇంతకంటే తేలికైన దారి లేదు, మీరు ఉన్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి. కుక్కను పెంచేవాళ్లు వాడేసిన హాప్స్ పిప్పి దానికి అందకుండా పారెయ్యండి, అది తింటే కుక్క ఒళ్లు కాలిపోయేంత జ్వరంతో చచ్చిపోవచ్చు, ఇది కూడా కాగితంలో లేదు. కుదిరితే ట్యాప్ లేని బకెట్ ఉన్న మోడల్ తీసుకుని సైఫన్ గొట్టంతో నింపుకోండి. గొట్టం పాతబడి లోపల మసకబారితే పారేసి కొత్తది కొనండి, కడుగుతూ కూర్చోకండి. ట్యాప్ ఉన్నదే దొరికితే, ప్రతిసారీ ఊడదీసి, వేణ్ణీళ్లలో నానబెట్టి, లోపలి ముక్కని వెనకనుంచి నొక్కి తీసి కడగండి. గట్టిగా ఉంటుంది, విరిగిపోతుందేమో అనిపిస్తుంది, విరగదు.